తెలుఁగు పుటల యంత్రపఠనము

తాళపత్రగ్రంథములను బరిష్కరించువారు లేఖకులను రెండు తెఱఁగుల వారినిగా నెన్నుదురు. మొదటివాఁడు చదువు తక్కువవాఁడు. అక్షరములను బొమ్మలవలెఁ జూచి బొమ్మలవలెనే దించును. వాని తప్పులు తప్పులుగానే కనఁబడును. మకారమునకు వకారము వ్రాసి యర్థములేని పదమును మిగిల్చిపోవును గనుకఁ బరిష్కర్త యాచోట నాఁగి మూలమెట్లుండెనో యూహింపఁగలఁడు. రెండవవాఁడు చదువుకొన్నవాఁడు. మాతృక శిథిలమైనచోట నర్థము కుదురునట్టి పదమును దానే కూర్చి, ఛందస్సు సరిపఱచి, ముందునకు సాగిపోవును. వాని వ్రాఁతలోఁ దప్పున్నట్లు కంటికిఁ దోఁపదు. పరిష్కర్తలను దఱచుగా మోసపుచ్చినవాఁ డీ రెండవవాఁడే.

ఈ భేద మిప్పుడు గ్రంథపరిష్కరణముతో సంబంధము లేనట్లు తోఁచు వేఱొకచోట నక్కఱకు వచ్చుచున్నది. చూపులేనివారికిఁ బుటను జదివి వినిపించుటకును, వినికిడి లేనివారికి మాటను వ్రాసి చూపుటకును గృత్రిమమేధ యను యంత్రవిద్య నిత్యవ్యవహారమునఁ బ్రవేశించినది. చేతిలోని ఫోనును మందుపెట్టెపైఁ బట్టినచోఁ బెట్టెమీఁది వ్రాఁత పలుకును. ఎదుటివారు మాటలాడుచుండఁగా ఫోను తెఱపై నక్షరములు పరుగెత్తును. 2011 జనాభా లెక్కలలో భారతదేశమునఁ జూపు లోపము గలవారు సుమారు 50 లక్షలమందియు, వినికిడి లోపము గలవారు సుమా రంతమందియు లెక్కకు వచ్చిరి. తన పేరిట వచ్చిన యుత్తరమును బ్రక్కింటివారిచేఁ జదివించుకొనువారికి రహస్యమనునది యుండదు. బ్యాంకు చీటిలోని మొత్తము కూడ నొరుల నోటనే తెలియవలసియుండును. ఆ పరాధీనత తొలఁగుట గొప్ప మేలు. అయితే యంత్రము చదివినదెల్ల నమ్మఁదగినదేనా యను ప్రశ్న మిగిలియున్నది. తెలుఁగు విషయమున దీనికి సమాధానము తెలుఁగు లిపితోడను, ఉచ్చారణతోడను ముడివడియున్నది.

అంధులకుఁ జదువు నిచ్చిన మొదటి గట్టిసాధనము వ్రేలితోఁ జదువు లిపి. ఫ్రాన్సుదేశమున 1809లోఁ బుట్టిన లూయీ బ్రెయిలీ, చిన్నతనమునఁ దండ్రి కార్ఖానాలోని పనిముట్టు కంటికిఁ దగిలి చూపు పోఁగొట్టుకొనిన వాఁడు, 1829లో నాఱు చుక్కల లిపిని బ్రకటించెను. ఆఱు చుక్కల కూర్పువలన 63 ఆకృతు లేర్పడును. భారతభాషలకెల్ల నొక్కటే పద్ధతిగా భారతీ బ్రెయిలీ 1951లో నంగీకరింపఁబడెను. అందుఁ దెలుఁగు కకారమునకును హిందీ కకారమునకును జుక్కలు వేఱు కావు. లిపులు వేఱైనను వర్ణమాల యొక్కటే యను సంగతి వ్రేలికిఁ దెలిసినంత తేటగాఁ గంటికిఁ దెలియదు. కాని బ్రెయిలీలోనికి నెక్కినవి కొన్ని గ్రంథములే. అంగడిచీటి, కరెంటు బిల్లు, పెండ్లిపిలుపు, బస్సు పలక, ఇవి యేవియు వ్రేలి కందవు. అచ్చుపుటను యంత్రమే చూచి చదువవలెనను కోరిక 1976లో నమెరికాలో రేమండ్ కుర్జ్‌వెయిల్ వెలువరించిన పఠనయంత్రముతోఁ గొంత తీఱెను. అది యింగ్లీషు చదివినది.

ఇంగ్లీషున కిరువదియాఱక్షరములు. చిన్నవియుఁ బెద్దవియుఁ గలిపినను నేఁబదిరెండే. అవియు నొకదాని ప్రక్క నొకటి వరుసగా నిలుచుండును. తెలుఁగు వ్రాఁత యట్టిది కాదు. తలకట్టు కొన్నిట వేఱుగాఁ బైనఁ దేలుచుండును, వత్తు క్రింద వ్రేలాడును, గుడియుఁ గొమ్మును నేత్వమును నొక్కొక హల్లున కొక్కొక రీతి నతుకుకొనును. హల్లులు ముప్పదియైదని యెంచి యొక్కొకదానికి ముప్పదియైదు వత్తులను జేర్చినచో 1,225 జంట లగును. వానికి అకారము మొదలు ఔకారము వఱకుఁ బదుమూఁడచ్చులను గూర్చి గుణింతము కట్టినచో 15,925. ఇవన్నియు భాషలో లేవు. ఘకారమునకు ఝకారపు వత్తు నెవ్వరును గోరరు. అయినను యంత్రము గుర్తింపవలసిన యాకృతులు పదులలోఁగాక వేలలో నుండునని దీనివలనఁ దెలియును. ఇఁక పకారవకారములకుఁ దలకట్టు దగ్గఱి సందే భేదము. ద, ధ, థలకు లోపలి చుక్కయో క్రింది గీఁతయో గుఱుతు. పాత సీసపు టచ్చులలో నా సందు సిరాతో నిండుటయు, నా చుక్క యరగిపోవుటయుఁ బ్రూపులు దిద్దినవారికందఱకుఁ దెలిసినవే.

మొదటి తరపు యంత్రములు పుటను ముక్కలుగాఁ గోసి, యొక్కొక ముక్కను దమవద్దనున్న మచ్చులతోఁ బోల్చి చూచెడివి. తలకట్టొక ముక్కయు, వత్తొక ముక్కయు నగుటచేఁ దెలుఁగునఁ బొరపాట్లు మెండుగా నుండెడివి. అవి చదువురాని లేఖకుని పొరపాట్లు. అర్థములేని యక్షరముల గుంపును వినఁగానే యిచ్చట నేదో చెడినదని శ్రోత గ్రహించెడివాఁడు. నేఁటి పద్ధతి వేఱు. లక్షలకొలఁది పంక్తుల బొమ్మలను, వాని సరియైన పాఠములను ముందుగా నభ్యసించిన గణితజాల మొకటి పంక్తినంతయు నొక్కసారి చూచి, యీ బొమ్మ కెక్కువగాఁ బొసఁగు నక్షరశ్రేణి యేదియని లెక్కగట్టును. 2017లోఁ బ్రకటితమైన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణము వచ్చిన తరువాత ముందువెనుకల మాటలను బట్టి నడిమి మాటను దేల్చు శక్తి మిక్కిలి హెచ్చినది. మంచిపుటలఁ దప్పులు బాగుగాఁ దగ్గినవి. మిగిలిన తప్పులు మాత్రము పండితలేఖకుని తప్పులైనవి.

ఉదాహరణమునకుఁ బాత పుస్తకపు ముఖపత్రమున "వేటూరి" అను నింటిపేరు నడిమి యక్షరము చెరఁగియున్నదనుకొందము. పాతయంత్రము "వే" పలికి, యేదో గిఱగిఱలాడి, "రి" పలుకును. క్రొత్తయంత్రము "వేలూరి" యని స్పష్టముగాఁ జదువవచ్చును. ఇద్దఱును బండితులే, ఇద్దఱును శాస్త్రులే; వినువానికి సందేహము కలుగుట కవకాశమే లేదు. గ్రంథకర్త మాఱిపోయెను. ఇది సాహిత్యవిషయము గనుక నెప్పుడైన దిద్దుకొనవచ్చును. మాత్రల పొట్లముపై "భోజనమునకు ముందు" అని యుండి, కడపటి మాట మడతలోఁ బడినచో, తాను నేర్చిన పాఠములలో "తరువాత" యనునదే యధికముగాఁ గనఁబడిన యంత్రము "భోజనమునకుఁ దరువాత" యని తడఁబాటు లేక చెప్పుటకు వీలున్నది. చూపుగలవాఁడు పొట్లమును ద్రిప్పి చూచుకొనును. చూపులేనివానికి యంత్రపు మాటయే పుట.

ఈ సందర్భమున మనుష్యునకును యంత్రమునకును గల తారతమ్యము గమనింపఁదగినది. 2015లో డెన్మార్కున "బీ మై ఐస్" అను ఫోను సాధనము వెలసినది. అంధుఁడు తన ఫోను కెమెరాను వస్తువుపైఁ బట్టఁగా నెక్కడనో యున్న చూపుగల స్వచ్ఛందసేవకుఁడు దానిని జూచి చెప్పును. 2023 నుండి యిదే సాధనమునఁ గృత్రిమమేధయుఁ బుటలను, బొమ్మలను వర్ణించుట కేర్పాటు చేయఁబడినది. రాత్రివేళ నొరులను గదలింపనక్కఱలేదు, సంకోచము లేదు. కాని సేవకుఁడు "సరిగాఁ గనఁబడుటలేదు, కొంచెము కుడికిఁ జరుపుఁడు" అనును. యంత్రమును నట్లే యనుట నేర్పవచ్చును, కొన్ని వేళల ననుచునే యున్నది. అయినను దాని స్వభావము పూరించుట. అడుగుట దానికిఁ బెట్టుబుద్ధి.

పుటలోని యక్షరములను గుర్తించుట యొక యెత్తు. ముందే కంప్యూటరులో నక్షరములుగా నున్న తెలుఁగును వినిపించుట వేఱొక యెత్తు. ఇచ్చట యంత్రపు దృష్టి లోపములతో పనిలేదు, తప్పులన్నియు మనవే. యంత్రమునకు నక్షరమనఁగా నొక సంఖ్య. యూనికోడు అను సర్వలిపిపట్టికలోఁ గకారమునకు 3093, అరసున్నకు 3073, నిండుసున్నకు 3074 సంఖ్యలు. తెలుఁగంకెలలోని సున్నకు 3174. నిండుసున్నయు నంకెసున్నయుఁ గంటి కొక్కటే వట్రువ. యంత్రమునకు రెంటికి నడుమ నూఱు మెట్ల దూరము. తొందరలో నొకదానికి మాఱుగా నొకటి కొట్టిన పుటలు లోకమునఁ గొల్లలు. చూచువారు "అందము" అని చదువుకొని పోవుదురు. పలుకు యంత్రము "అ" యని, "సున్న" యని, "దము" అని మూఁడు తునుకలు చేయును. ఇంతకంటెఁ బెద్ద చిక్కు వెనుకటి యచ్చుకూర్పు ఖతులలో నున్నది. యూనికోడు వ్యాపింపక పూర్వము చేసిన యా ఖతులలో నింగ్లీషు అక్షరముల సంఖ్యల చోటులందుఁ దెలుఁగు రూపములను గూర్చిరి. కాగితముపై నవి చక్కని తెలుఁగు. తెఱపఠనయంత్రమునకు మాత్రము పేరులేని యింగ్లీషు చెత్త. అట్టి ఖతులతోఁ గూర్చిన తెలుఁగు పుస్తకములు కంప్యూటరులో నున్నను జూపులేనివారికి లేనట్లే యయినవి. వానిని దిరిగి యూనికోడులోనికి మార్చు సాధనములు గలవు గాని, మార్పులో వత్తులు తాఱుమాఱగుట తఱచు గనుకఁ బ్రూపు చూచుపని మరల మొదటికి వచ్చును.

ఇఁక నుచ్చారణము. యంత్రముచే మాటలాడించు యత్నము క్రొత్తది కాదు. వొల్ఫ్‌గాంగ్ ఫన్ కెంపెలెన్ తోలుతిత్తితోఁ బలికించు యంత్రమును జేసి 1791లో దానిఁగూర్చి గ్రంథము వ్రాసెను. 1939లో న్యూయార్కు ప్రదర్శనమున హోమర్ డడ్లీ చేసిన వోడర్ అను విద్యుద్యంత్రమును మీటలు నొక్కి పలికించిరి. తరువాత సూత్రములచే నాదమును బుట్టించుటయు, మనుష్యుని కంఠధ్వని తునుకల నతుకుటయు నను పద్ధతులు నడిచినవి. 2016లో వేవ్‌నెట్ వెలువడిన పిమ్మట గణితజాలమే ధ్వనిని దరంగము మొదలుగాఁ గల్పించుట యారంభమైనది. క్రొత్త గొంతులు మనుష్యుని గొంతులను బోలియున్నవి. అయినను బహుకాలముగాఁ దెఱపఠనము చేయు నంధులలోఁ బలువురు పాత యినుపగొంతునే కోరుదురు. దానిని మిక్కిలి వేగముగాఁ బరుగెత్తించినను మాట చెదరదు. సొంపు వేఱు, పనికివచ్చుట వేఱు అనునది యిచ్చట నుపయోగించువారే నిర్ణయించిన విషయము.

తెలుఁగు వ్రాసినట్లే పలుకఁబడునని సాధారణముగాఁ జెప్పుదురు. యంత్రముచేఁ బలికింపఁబూనినవారి కీమాట యెంతవఱకు నిజమో తెలిసివచ్చును. చకారజకారములకుఁ దాలవ్యదంత్యభేదము గలదు. ఇ, ఈ, ఎ, ఏ లతోఁ గూడినప్పుడు తాలవ్యములనియు, అకారాదులతోఁ గూడినప్పుడు తెలుఁగు మాటలలో దంత్యములనియుఁ జిన్నయసూరి బాలవ్యాకరణమున విభాగించెను. సంస్కృతపదములలో నెల్లెడలఁ దాలవ్యములే. "చలి"లోని చకారము వేఱు, "చలనము"లోని చకారము వేఱు. "జాలి" వేఱు, "జాతి" వేఱు. వ్రాఁత యొక్కటే. కావున నుచ్చారణము తెలియుటకుఁ బదము తెలుఁగో, తత్సమమో ముందు తెలియవలెను. బ్రౌను దొర తన నిఘంటువున (1852) దంత్యములకు వేఱు గుఱుతు పెట్టెను. ఆ గుఱుతులు గల "ౘ", "ౙ" లకు యూనికోడులో 2008లోఁ జోటు దొరకినది. కాని వానిని వాడి వ్రాయువా రరుదు. యంత్ర మీ భేదమును గంఠధ్వనుల నభ్యసించి నేర్చుకొనుచున్నది. వినిన మాటలయెడ సరిగాఁ బలుకును, వినని మాట వచ్చినప్పుడు చిక్కుపడును. నిఘంటువులోని సమాచార మొక్కసారి యంత్రమున కందిచ్చినచో నీ చిక్కు చాలవఱకుఁ దీఱును. ఫకారమును నిట్టిదే. "ఫీజు"లోని ధ్వనినే "ఫలము"నకును బెట్టి పలుకు గొంతులు గలవు. అయితే యీ తప్పు యంత్రము మనుష్యులయొద్ద నేర్చినదే.

అంకెలయందు వ్యాకరణము మఱింత స్పష్టముగాఁ బైకి వచ్చును. "3 పుస్తకములు" అని యుండిన "మూఁడు" అనవలెను. "3 పిల్లలు" అని యుండిన "ముగ్గురు" అనవలెను. అంకెలో భేదము లేదు. మహద్వాచకమో కాదో చూచి యంత్రము తేల్చుకొనవలెను. "1950" సంవత్సరమైనచో "పందొమ్మిదివందల యేఁబది" యనుట వాడుక. రూపాయలైనచో "వేయి" మొదలు పలుకవలెను. ఫోను సంఖ్యలో భాగమైనచో నంకెకంకె విడఁదీయవలెను. "డా.", "రూ.", "క్రీ.శ." మొదలగు కుఱుచరూపముల సంగతి చెప్పనక్కఱలేదు.

పాఠశాలలయందుఁ బద్యము పెట్టు చిక్కు ప్రత్యేకముగాఁ జెప్పఁదగినది. వృత్తమును నాలుగు పాదములుగా నచ్చువేయుదురు. పాదాంతమునఁ బదము ముగియవలెనను నియమము తెలుఁగునఁ బాటింపఁబడదు. మాటలో సగ మీపాదమునను, సగము క్రిందిపాదమునను నుండుట సామాన్యము. పలుకు యంత్రము పంక్తి ముగియఁగానే వాక్యము ముగిసినట్లు విరామమిచ్చును. అంధవిద్యార్థికిఁ బదము రెండు ముక్కలై వినఁబడును; రెండు ముక్కలును గొన్నిసార్లు వేఱువేఱు మాటలుగా నర్థమిచ్చును. ఉపాధ్యాయుఁడు పద్యమును జదువునప్పుడు పదచ్ఛేదమును, యతిస్థానమును, అర్థమును జూచి తెలివిగా నూఁపిరి తీయును. ఆ యూఁపిరి యచ్చులో లేదు. యంత్రపఠనమునకై యిచ్చు ప్రతిలోఁ బాదవిభాగమును దీసివైచి, యన్వయక్రమమున విరామచిహ్నములు పెట్టిన రెండవ పాఠమును జేర్చుట దీనికి సులభోపాయము. ఛందస్సు నేర్చు తరగతికి మొదటి పాఠము, అర్థము నేర్చు తరగతికి రెండవది.

మాటను వ్రాఁతలోఁ బెట్టు యంత్రము దీనికి విలోమము. 2019లో గూగుల్ సంస్థ వెలువరించిన "లైవ్ ట్రాన్‌స్క్రైబ్" అమెరికాలోని గాలొడెట్ బధిరవిశ్వవిద్యాలయపు సహకారముతో సిద్ధమైనది. 2022లోఁ బ్రకటితమైన "విస్పర్" 6,80,000 గంటల ధ్వనులను వినిపించి నేర్పిన యంత్రము. అందు నింగ్లీషు పాలు పెద్దది, తెలుఁగు పాలు కొంచెము. ఇంగ్లీషులోఁ గాదనుమాట సాధారణముగా వేఱుపదము. తెలుఁగున నది క్రియాపదములోనే కలిసియుండును. "తినండి", "తినకండి", "వేసుకోండి", "వేసుకోకండి". వైద్యుఁడు చెప్పిన మాటలో నడిమి కకార మొక్కటి జాఱినచో నిషేధము విధియగును. తెఱపైఁ గనఁబడు వాక్యమున నే లోపమును నుండదు. వాడుకభాషలోని "వద్దు" ఈ విషయమునఁ బండితభాషకంటె మేలు. వినికిడి తక్కువవారితో మాటలాడు వైద్యులు "తినకండి" యనుటకు బదులు "తినవద్దు" అని విడిగాఁ బలికినచో యంత్రమునకును సులభము, చదువువారికిని నిస్సంశయము.

మాండలికభేద మింకొకటి. యంత్రములకు సులభముగా దొరకు తెలుఁగు ధ్వనులు వార్తలవంటి చదివిన పాఠములు. పాలమూరు రైతు పలుకును, చిత్తూరు పల్లెపలుకును వానిలోఁ దక్కువ. యంత్రము తనకుఁ దెలియని పలుకును దెలిసిన పలుకులోనికిఁ ద్రిప్పి వ్రాయును. మాటాడినవాఁడు తన మాట తెఱపై వేఱొకరి మాటగా మాఱుటను జూచును; చెవిటియైన యాతని తల్లి యా మాటను దన కుమారుని మాటగానే చదువును. మదరాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందము 2024లోఁ బ్రకటించిన ఇండిక్‌వాయిసెస్ సంకలనమునఁ దెలుఁగుతోఁ గూడ 22 భాషల సహజసంభాషణములను జేర్చుట యీ కొఱఁతను దీర్చు యత్నములలో నొకటి.

పండితలేఖకుని స్వభావ మిచ్చటను గనఁబడినది. కార్నెల్ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన యాలిసన్ కోనెకియుఁ దోడి పరిశోధకులును 2024లోఁ బ్రకటించిన పరిశీలనమున, విస్పర్ వ్రాసిన యింగ్లీషు పాఠములలో నూటికి సుమా రొకదానియందు నెవ్వరును బలుకని వాక్యములు సంపూర్ణముగాఁ గల్పింపఁబడియున్నట్లు తేలెను. మాటల నడుమ నెక్కువసేపు నిశ్శబ్దముండినచోట నిట్టి కల్పన లధికము. మెదడు దెబ్బతినుటచే మాట తడఁబడు వ్యాధి గలవారి మాటలలో నందుచేతనే హెచ్చుగా నుండెను. ఎవరి కీ సాధన మెక్కువ యావశ్యకమో వారికే యది యెక్కువ తప్పుగాఁ బనిచేయుట గమనింపవలసిన యన్యాయము. పుట్టుచెవిటివారి సంగతి వేఱు. వారిలోఁ బలువురకు సంజ్ఞాభాషయే మొదటి భాష. తెఱపైఁ దెలుఁగక్షరములు చూపుట వారికిఁ బరభాషలో జవాబు చెప్పుటవంటిది. ఢిల్లీలో 2015లో స్థాపితమైన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధనకేంద్రము 2021 నాఁటికిఁ బదివేల పదముల నిఘంటువును సిద్ధపఱచినది. సంజ్ఞలను జూచి గ్రహించు యంత్రములు మాత్ర మింకను బాల్యదశలో నున్నవి.

పండితలేఖకుని పాఠమును శోధించుటకుఁ బరిష్కర్తలు వాడు నుపాయములు యంత్రముల యెడలను జెల్లును. సందిగ్ధపాఠమును గుండలీకరించి ప్రశ్నచిహ్నము వేయుట మొదటిది. యంత్రము ప్రతి యక్షరమునకును దనకుఁ గల నమ్మకమును సంఖ్యగా లెక్కగట్టుకొనియే చదువును. ఆ సంఖ్య తుది పాఠమునఁ గానరాదు, గొంతులో వినఁబడదు. నమ్మకము తక్కువయైనచోట గొంతు మార్చుటయో, చిన్న గంట మ్రోఁగించుటయో చేయించుట కష్టమైన పని కాదు. వినుటకు సొంపుగా నుండవలెనను తపనలో నిది వెనుకఁబడినది.

రెండవ యుపాయము ప్రతులను సరిపోల్చుట. ఒక పుటను రెండు యంత్రములచేఁ జదివించి, పాఠములు కలసినచోట నంగీకరించి, భేదించినచోట నాఁగుట. దీనికి నొక హద్దు గలదు, అదియు బరిష్కర్తలకుఁ గ్రొత్త కాదు. రెండు ప్రతులు నొకే మాతృకనుండి పుట్టినవైనచో వాని యేకవాక్యతకు విలువ లేదు. నేఁటి యంత్రములలోఁ బెక్కింటికి నేర్పిన పాఠము లంతర్జాలమునఁ బోగుచేయఁబడిన యొకే రాశిలోనివి. "తరువాత" యను మాటను రెండును గోరినచో రెండును గలసి తప్పును. కావున మందులు, రూపాయలు, తేదీలు, పేరులు అను నాలుగింట రెండు యంత్రముల సమ్మతియుఁ జాలదు. ఫోనును గొంచెము జరిపి, వెలుతురు మార్చి, మఱియొకసారి బొమ్మ తీసి చదివించుట మేలు. మడత విప్పిన బొమ్మ వేఱు మాతృక వంటిది.

శాసనముల విషయమున నడ్డంకులు లేవు. 2012 నాఁటి సవరణముతో భారత గ్రంథస్వామ్యశాసనము వికలాంగులకు వీలైన రూపములోనికిఁ బుస్తకమును మార్చుట కనుమతి యక్కఱలేదని యొప్పుకొనినది. ఇదే యుద్దేశముతో 2013లోఁ గుదిరిన మరాకేషు ఒడంబడికను 2014లో నందఱికంటె ముందుగా ధ్రువీకరించిన దేశము భారతదేశమే. 2016లోఁ గేంద్రప్రభుత్వపుఁ బూనికతో సుగమ్య పుస్తకాలయము వెలసినది. కొఱఁతయెల్ల దానిలోఁ జేర్చుటకుఁ దగిన తెలుఁగు పాఠములయందే యున్నది. పుస్తకములను స్కాను చేసి బొమ్మలుగా నంతర్జాలమున నుంచుట యీ యిరువదియేండ్లలో విరివిగా జరిగినది. బొమ్మ బొమ్మయే, అది పలుకదు. యంత్రముచే నక్షరములలోనికి దించిన పాఠమును బ్రూపుచూడక చేర్చినచోఁ బండితలేఖకుని ప్రతి యొకటి క్రొత్తగాఁ బుట్టినట్లగును, కొన్నేండ్లకు నా ప్రతినే యభ్యసించి వేఱొక యంత్రము నేర్చుకొనును.

క్రొత్తగా నచ్చుపడు గ్రంథములకీ శ్రమ లేదు. అచ్చునకుఁ బోవు కడపటి ప్రతిని యూనికోడులో నుంచి, రెండు నిలువువరుసలుగా నున్నదానిని విప్పి, పంక్తి చివర విఱిచిన మాటలను గలిపి, పుటల సంఖ్యలను విడిగాఁ గుఱుతించి భద్రపఱచినచోఁ జాలును. పాతగ్రంథములలో నుపవాచకములు, వ్యాకరణములు, చిన్న నిఘంటువులు ముందు చేపట్టఁదగినవి. పాఠశాలలోని యంధబాలుఁడు మొదట నడుగునవి యవియే. ఒక్కొక పుటను యంత్రముచేఁ జదివించుచు మూలమును జేతఁ బట్టుకొని చూచుకొను నుపాధ్యాయునకుఁ బుట కొకటి రెండు చోట్లఁ జేయిపెట్టవలసియుండును, చెరఁగిన పుటల నెక్కువ. చెవితోఁ బ్రూపు చూచుటవలనఁ గన్ను దాఁటవేసిన తప్పులు కొన్ని చిక్కును. ముఖ్యముగాఁ బదము నడుమఁ బడిన యంకెసున్న.